మా పిల్లల పేర్లు ఒక పుస్తకంలో రాయండి

ఆంధ్ర వైద్య కళాశాల ప్రిన్సిపాల్ గారికి,
కింగ్ జార్జ్ ఆస్పత్రి సూపరింటెండెంట్ గారికి,
ఆంధ్ర విశ్వవిద్యాలయం హ్యూమన్ జెనెటిక్స్ విభాగం పెద్దలకు,

నమస్కారం.

నేను మల్కాపురంలో అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లల్ని తూచడం, తూచింది రాయడం మా పని. ఏ పిల్లకి ఎన్ని గుడ్లు ఇచ్చాం, ఏ బాలింతకి ఎన్ని పాల ప్యాకెట్లు ఇచ్చాం, బాలామృతం ఎంత వచ్చింది, ఎంత మిగిలింది, అన్నీ రిజిస్టర్లో ఉంటాయి. రిజిస్టర్లో రాసిందే మళ్లీ ఫోన్లో పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించాలి. సిగ్నల్ అందకపోతే మేడెక్కి ఎక్కించాలి. ఒక్క గుడ్డు లెక్క తప్పితే సూపర్‌వైజర్ గారికి సమాధానం చెప్పుకోవాలి. ఇంత రాతపని చేసేదాన్ని కాబట్టే మీకు ఈ ఉత్తరం రాసే ధైర్యం చేస్తున్నాను. నేను అడగబోయేది కూడా ఒక రిజిస్టర్ గురించే.

2010 వానాకాలంలో మా చిన్నోడికి మూడేళ్లు. నా సెంటర్లో నా చేత్తోనే తూచాను. నెల తిరక్కుండా కిలోన్నర పెరిగాడు. గ్రోత్ చార్టులో గీత పైకి లేచింది. నా సంబరం చెప్పలేను, అంతవరకూ వాడు ఎప్పుడూ బక్కపిల్లాడే. మా అత్త (ఆవిడ నాకు సొంత మేనత్త కూడా) "గుంటడు ఇప్పటికి ఒళ్లు చేశాడు, దిష్టి తియ్యి" అంది. తీశాను. పొద్దున్న లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బి ఉండేది, మధ్యాహ్నానికి తగ్గిపోయేది. నిద్ర ఎక్కువైందేమో అనుకున్నాం. నడుము మీద నిక్కరు ఎలాస్టిక్ అచ్చు పడుతుంటే నిక్కరు చిన్నదైపోయిందనుకున్నాం. వాడికి పెరిగింది ఒళ్లు కాదు, నీరు. ఆ రోజు చార్టులో నేను పెట్టిన చుక్క ఇప్పటికీ నా కళ్లలో మెదులుతుంది. రోజూ పిల్లల్ని తూచే నాకే తెలియకపోతే కూలికెళ్లే తల్లికి ఏం తెలుస్తుంది?

నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. మీకు తెలియని పేరు కాదు. చదివే మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడ కన్నాలు పెద్దవైతే రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలో పోతుంది. రక్తంలో అది తగ్గేకొద్దీ నీరు ఒంట్లోకి దిగి వాపు వస్తుంది. రోజూ మూత్రం పరీక్షించే స్ట్రిప్పులు కొనే స్తోమత లేనప్పుడు ఒక డాక్టరమ్మ నాకు ఒక ఉపాయం నేర్పారు. గాజు గొట్టంలో పొద్దుటి మూత్రం పోసి పైభాగం సన్నని సెగ మీద వేడి చెయ్యాలి. ఆల్బుమిన్ పోతుంటే తెల్లగా విరుగుతుంది, గుడ్డులో తెల్లసొన ఉడికినట్టు. సెంటర్లో ముప్ఫై మంది పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి, ఇంటికొచ్చి నా కొడుకు మూత్రంలో తెల్లసొన చూసుకునేదాన్ని. చూసింది చూసినట్టు పుస్తకంలో రాసేదాన్ని. తేదీ, తూకం, బీపీ, తెలుపు ఎంత, ఏ మాత్ర ఎన్ని. అలా ఏడు పుస్తకాలు నిండాయి.

ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందికి ఎనిమిది తొమ్మిది మంది స్టెరాయిడ్ మాత్రలకు దారికొస్తారు. మళ్లీ మళ్లీ తిరగబెట్టినా చాలామంది పెద్దయ్యేసరికి బయటపడతారు. మావాడు ఆ ఎనిమిది తొమ్మిది మందిలో లేడు. ఆరు వారాలు రోజూ ప్రెడ్నిసొలోన్ అనే ఆ స్టెరాయిడ్ మాత్ర వేశాం, ముఖం చంద్రబింబంలా అయింది కానీ మూత్రంలో తెలుపు తగ్గలేదు. తర్వాత బయాప్సీ చేశారు. ఎఫ్‌ఎస్‌జీఎస్ అన్నారు, అంటే ఆ జల్లెడలు అక్కడక్కడా మచ్చకట్టి గట్టిపడిపోవడం. తర్వాత ఒక మందు, అది పనిచేయకపోతే ఇంకో మందు. మూడు ఊళ్లు, నాలుగు ఆస్పత్రులు. బీపీ పెరిగింది, ఎత్తు ఆగింది. స్కూల్లో "పొట్టోడు" అనేవాళ్లు. ఇంటికొచ్చి చెప్పేవాడు కాదు, చెల్లెలు చెప్పేది.

అసలు సంగతి ఇక్కడుంది. మాది మేనరికం. మొదటిసారి చూసిన డాక్టర్ గారు ఆ మాట అడిగారు కూడా. అవునన్నాను. ఆయన తలూపారు. ఆ మాట చీటీ మీదికి ఎక్కలేదు. రెండో ఊళ్లో ఎవరూ అడగలేదు. మూడో చోట పాత ఫైలు అడిగితే, వెనకటి ఆస్పత్రిలో "పాత రికార్డులు తీసేశారమ్మా" అన్నారు. అది ఏ ఆస్పత్రో నేను రాయను. రాస్తే ఈ ఉత్తరం పోట్లాట అయిపోతుంది, నాకు కావలసింది పోట్లాట కాదు. 2016లో, వాడికి తొమ్మిదేళ్లప్పుడు, నా పుస్తకాలు ఓపిగ్గా తిరగేసిన ఒక పీజీ డాక్టరమ్మ "స్టెరాయిడ్‌కి ఒక్క రోజు కూడా తగ్గలేదా? మేనరికమా? ఐతే జన్యు పరీక్ష చేయిద్దాం" అంది. రక్తం వేరే ఊరు వెళ్లింది. పొడోసిన్ అనే ప్రొటీన్ తయారుచేసే జన్యువులో మార్పు ఉందని వచ్చింది. తండ్రి నుంచి ఒకటి, నా నుంచి ఒకటి. ఇలాంటి మార్పు ఉన్న పిల్లలకు స్టెరాయిడ్లు పనిచేయవని అప్పుడు తెలిసింది. ఆరేళ్లు వాడి ఒంట్లోకి వెళ్లిన మందుల్లో చాలావాటికి అక్కడ చేయగలిగిన పని లేదు.

ఆ జన్యువును ప్యారిస్‌లో కొరిన్ ఆంటిన్యాక్ అనే డాక్టర్ బృందం 2000లో కనిపెట్టిందట. మావాడు పుట్టడానికి ఏడేళ్ల ముందు! శాస్త్రం ఆలస్యం చేయలేదు. అది మా దాకా రావడానికి దారి లేదు.

ఆ డాక్టరమ్మ దగ్గరే ఇంకో కథ విన్నాను. తర్వాత మా పెద్దమ్మాయి చేత ఇంగ్లీషులో చదివించుకుని అర్థం చేసుకున్నాను. ఫిన్లాండ్‌లో కొందరు పసిపిల్లలు పుట్టుకతోనే ఈ రకం వాపుతో పుట్టేవారు. అక్కడ సుమారు 8,000 కాన్పులకు ఒకరు. దాదాపు అందరూ పసితనంలోనే పోయేవారు. 1950లలో నీలో హాల్‌మన్ అనే పిల్లల డాక్టర్ బృందం ఇదొక ప్రత్యేకమైన జబ్బని గుర్తించింది. తర్వాత రెయో నోరియో అనే ఆయన ఇలాంటి బిడ్డలు పుట్టిన 57 కుటుంబాలను పట్టుకున్నాడు. ఊళ్లలో చర్చిలవాళ్లు తరతరాలుగా రాసుకున్న జనన మరణాల పుస్తకాలు తిరగేసి, తాత ముత్తాతలు ఏ ఊరివాళ్లో వెతికి, ఇది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే వచ్చే జబ్బని 1966లో తేల్చాడు. జన్యు పరీక్షలు లేని రోజులవి. ఆయన చేతిలో ఉన్నవి పాత పుస్తకాలే. ఆ పనిమీద పని చేసుకుంటూ పోగా 1998లో కార్ల్ ట్రిగ్వాసన్ బృందానికి ఆ జబ్బు జన్యువు దొరికింది. ఈలోగా హెల్సింకీ పిల్లల ఆస్పత్రిలో ఆ పసివాళ్లను డయాలిసిస్ చేసి, గొట్టంతో పాలు పట్టి బతికించి, పది కిలోల బరువు రాగానే పెద్దవాళ్ల కిడ్నీ అమర్చడం నేర్చుకున్నారు. ఒకప్పుడు పాతిపెట్టడమే మిగిలిన పిల్లలు బడికి వెళ్లారు.

ఫిన్లాండ్ అంటే చాలా దూరం, గొప్ప దేశం, మనకెక్కడ కుదురుతుంది అంటారు. ఆ దేశ జనాభా అంతా కలిపి ఇప్పటికీ 60 లక్షలు లేదు. 2011 లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పాత జిల్లాలు మూడూ కలిపితే 93 లక్షల పైమాటే. మేనరికాలు మన దగ్గరే ఎక్కువ. ఒడిశా కొండల నుంచి కూడా జనం వచ్చి దిగేది కింగ్ జార్జ్ ఆస్పత్రి ముందున్న కేజీహెచ్ డౌన్‌లోనే. ఇంతమంది పిల్లలు ఒకే గుమ్మం తొక్కే చోటు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

పక్కనే ఉద్దానం ఉంది కాబట్టి ఇక్కడ కిడ్నీ అనగానే అందరికీ అదే గుర్తొస్తుంది. మా వీధిలో కూడా "మీది ఉద్దానం వైపా అమ్మా, ఆ నీళ్లు తాగారా?" అని అడిగినవాళ్లే ఎక్కువ. అది పొలం పనిచేసే పెద్దవాళ్లను పట్టుకున్న జబ్బు. దానికోసం జనం ఏళ్ల తరబడి గొంతు చించుకుంటే 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. రావలసిందే. కానీ పిల్లల కిడ్నీలు పాడయ్యే కారణాలు వేరు. పుట్టుకతో మూత్రనాళంలో అడ్డు ఉన్న మగపిల్లలు, మూత్రం వెనక్కి తన్ని మాటిమాటికీ జ్వరం వచ్చే పిల్లలు, మావాడిలాంటి జల్లెడ జబ్బు పిల్లలు. వీళ్లు ఒక ఊళ్లో గుంపుగా ఉండరు. తలో ఊళ్లో ఒక్కరు. ఒక్కరి కోసం ధర్నా ఎవరు చేస్తారు?

2017లో వాడి కిడ్నీలు పూర్తిగా ఆగిపోయాయి. పది నెలలు డయాలిసిస్. 2018లో నా ఎడమ కిడ్నీ వాడికి ఇచ్చాను. వాడి పొట్ట కింద కుడివైపు పెట్టారు. పాతవి తియ్యలేదు. ఆపరేషన్‌కి ముందు రాత్రి నాకు ఒకటే టెన్షన్: నా కిడ్నీని కూడా ఈ జబ్బు తినేస్తుందా? ఎఫ్‌ఎస్‌జీఎస్‌లో కొన్ని రకాలు కొత్త కిడ్నీకీ తిరగబెడతాయని విన్నాను. అప్పుడు ఆ జన్యు పరీక్ష కాగితమే నాకు ధైర్యమిచ్చింది. లోపం వాడి కిడ్నీల తయారీలోనే ఉంది కాబట్టి, నా కిడ్నీకి మళ్లీ రావడం చాలా అరుదు అన్నారు. మీరు పరిశోధన అంటే మాకు ఎక్కడో పేపర్లలో వేసుకునేదని అనిపిస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టించింది అదే. (మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. దాని గురించి వేరే ఉత్తరం రాయాలి.)

ఆరేళ్లు బాగానే గడిచాయి. పొద్దున్న ఎనిమిది, రాత్రి ఎనిమిది, టాక్రోలిమస్, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే మందు. మా ఇంట్లో గడియారం అవసరం లేదు. మధ్యలో పద్నాలుగేళ్లు నిండాయని పిల్లల ఓపీ నుంచి పెద్దల ఓపీకి పంపేశారు. అక్కడ నలభై, యాభై ఏళ్ల షుగర్ పేషెంట్ల మధ్య వీడొక్కడే పిల్లాడు. డాక్టర్ గారు మంచివారే, కానీ వెనకాల అరవై మంది. "మందులు వేసుకుంటున్నావా?" "వేసుకుంటున్నా." అయిపోయింది.

2024లో పాలిటెక్నిక్‌కి హాస్టల్లో చేరాడు. దసరాకి ఇంటికొస్తే కాళ్లు చూశాను. వేలితో నొక్కితే గుంట పడింది. 2010లో చేసిన తప్పు మళ్లీ చేయలేదు, మర్నాడే పరీక్ష చేయించాను. కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగేది క్రియాటినిన్. 1.0 ఉండేది 2.1 అయింది. రక్తంలో మందు ఉండాల్సిన దాంట్లో సగం లేదు. పెట్టె విప్పితే అడుగున నలభై రోజుల మాత్రలు, షీట్లు షీట్లుగానే ఉన్నాయి. కొట్టబోయి ఆగాను. "అందరూ ఏం రోగంరా అని అడుగుతున్నారమ్మా. వేసుకోకపోయినా ఏం కాలేదు కదా అనుకున్నా" అన్నాడు. మూడు రోజులు సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించాక 1.4 దగ్గర నిలబడింది. ఆ పోయిన భాగం ఇక తిరిగి రాదు.

వాడు చెడ్డపిల్లాడు అనుకున్నాను, నా పెంపకం అనుకున్నాను. తర్వాత తెలిసింది, కెనడాలో డాక్టర్ బెథనీ ఫోస్టర్ అనే పిల్లల కిడ్నీ నిపుణురాలు సరిగ్గా ఈ సంగతి మీదే ఏళ్ల తరబడి పనిచేశారని. ఆవిడ అమెరికా జాతీయ రిజిస్టర్లో చిన్నప్పుడు కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ల వివరాలన్నీ వయసువారీగా చూశారు. 2011లో ఏం తేలిందంటే, మార్చిన కిడ్నీ పాడైపోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగేది 17 నుంచి 24 ఏళ్ల మధ్య. ఐదేళ్లప్పుడు మార్చినా, పదిహేనేళ్లప్పుడు మార్చినా గండం మాత్రం ఆ వయసులోనే. ఆవిడే కెనడా రిజిస్టర్ చూసి ఇంకో మాట చెప్పారు: 21 ఏళ్లు నిండకుండానే పెద్దల విభాగానికి మారినవాళ్లకు, నిండాక మారినవాళ్లకంటే ఎక్కువ నష్టం జరిగింది. మావాడిని పద్నాలుగుకే పంపేశారు.

ఆవిడ అంతటితో ఆగలేదు. కెనడాలో, అమెరికాలో ఎనిమిది ఆస్పత్రుల్లో 11 నుంచి 24 ఏళ్ల పిల్లలకు, ఎప్పుడు తెరిచారో లెక్క పెట్టే మాత్రల డబ్బాలు ఇచ్చారు. ఫోన్‌కి గుర్తుచేసే మెసేజీలు పంపారు. మూడు నెలలకోసారి ఒక మనిషి కూర్చుని, తిట్టకుండా, ఎక్కడ తప్పుతోంది, ఎందుకు తప్పుతోంది అని మాట్లాడారు. అలా చేసినవాళ్లలో మాత్రలు సరిగ్గా వేసుకోవడం పెరిగింది. ఇందులో మనకు చేతకానిది ఏముంది? డబ్బా సంగతి పక్కన పెట్టండి. వారానికోసారి ఫోన్ చేసి "నాన్నా, ఎలా ఉన్నావ్, మాత్రలు అందుతున్నాయా?" అని అడిగే ఒక సిస్టరమ్మ చాలు. అమ్మ అడిగితే విసుక్కుంటారు, వేరేవాళ్లు అడిగితే చెబుతారు. ఆ వయసు అంతే.

నోరియో చేతిలో చర్చి పుస్తకాలున్నాయి, ఫోస్టర్ చేతిలో రెండు దేశాల రిజిస్టర్లున్నాయి. నా కొడుకు పేరు మాత్రం నా ఏడు నోటుపుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా ఉన్నట్టు నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అయ్యా, మీ కళాశాల, మీ ఆస్పత్రి రెండూ 1923లో మొదలైనవే, నూరేళ్లు దాటాయి. విశ్వవిద్యాలయానికీ నూరేళ్లు. హ్యూమన్ జెనెటిక్స్ అని ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టుకుని దశాబ్దాలుగా నడుపుతున్న ఊరు మనది. కేజీహెచ్ నుంచి అక్కడికి ఆటోలో పావుగంట. మీ రెండు చోట్లా ఉన్నవాళ్లు కలిసి కూర్చుని ఉత్తరాంధ్ర పిల్లల కిడ్నీ రిజిస్టర్ ఒకటి తెరవండి. వాపు మొదలైన వయసు, స్టెరాయిడ్‌కి తగ్గిందా లేదా, మేనరికమా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, బయాప్సీలో ఏం వచ్చింది, కిడ్నీ మారిస్తే ఎవరిచ్చారు. ఒక్క పేజీ. స్టెరాయిడ్‌కి లొంగని పిల్లల రక్తం ఆ పావుగంట దారిలో వెళ్లాలి. పిల్లాడు ఏ ఊరు మారినా, ఏ ఆస్పత్రి మారినా పేజీ మూయకూడదు, 25 ఏళ్లు నిండేదాకా. నెలకొక్క రోజు పిల్లల డాక్టర్, కిడ్నీ డాక్టర్ ఒకే గదిలో కూర్చుని ఈ పిల్లల్ని మాత్రమే చూడాలి. పద్నాలుగేళ్లకు బదిలీ చీటీ రాసివ్వడం ఆపండి. ఇంతకంటే పెద్ద కోరికేం లేదు, కొత్త బిల్డింగ్ అడగడం లేదు. బిల్డింగ్ అడిగితే శంకుస్థాపనకు వస్తారు గానీ రిజిస్టర్‌కి రిబ్బను కట్టరని నాకూ తెలుసు.

ఒక భయం మాత్రం మీ దృష్టిలో ఉండాలి. ఇలాంటి పుస్తకం అనగానే తల్లిదండ్రులు వెనకడుగు వేస్తారు, ముఖ్యంగా ఆడపిల్లలున్నవాళ్లు. "పేరు ఎక్కితే పెళ్లి కాదు" అంటారు. వాళ్లది తప్పనలేను. మా ఇంటి విషయం బయటపడ్డాక కుటుంబంలో ఏడాది పాటు నాతో సరిగ్గా మాట్లాడనివాళ్లున్నారు. మేనరికం చేసినవాళ్లేమో చేసుకున్నవాళ్లనే తప్పుపట్టారు! అందుకని పేజీ మీద పేరు కాదు, నంబరు ఉండాలి. తాళం ఒకరి దగ్గరే ఉండాలి. కానీ ఆ పుస్తకం వల్ల మేలు కూడా ముందు ఆడపిల్లలకే. మా పెద్దమ్మాయిని మా అన్నయ్య కొడుక్కి ఇవ్వాలని మా అమ్మ ముచ్చట. మేనరికం చేసుకున్న ప్రతివాళ్లకీ ఇలా జరగదు. కానీ పిల్లా పిల్లాడూ ఇద్దరూ ఈ మార్పు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఏ మార్పు వెతకాలో మాకు తెలుసు కాబట్టి ఇద్దరికీ పరీక్ష చేయించాం. అబ్బాయికి లేదు. మా అమ్మ ముచ్చట తీరబోతోంది. తమ్ముడి కాగితమే లేకపోతే ఏం వెతకాలో కూడా తెలిసేది కాదు.

మా అంగన్‌వాడీల వైపు నుంచి ఒక మాట. నెలలో ఒక్కసారిగా బరువు పెరిగి, పొద్దుటిపూట కళ్లు ఉబ్బే పిల్లని చూస్తే చార్టులో చుక్క పెట్టి సంతోషించకుండా మూత్రం పరీక్షకు పంపమని మాకు ఎవరైనా ఒక గంట క్లాసు చెప్పండి. మా నెలవారీ మీటింగుల్లో చెప్పినా చాలు. నా సెక్టార్లో నేనే చెబుతున్నాను, కానీ నా మాటకంటే తెల్లకోటు మాటకు బరువెక్కువ.

నా ఏడు పుస్తకాలూ ఇస్తాను. మొదటి దాంట్లో కాఫీ మరకలున్నాయి, నాలుగోది వానకి తడిసింది, చదవొచ్చు. మావాడు కూడా ఒప్పుకున్నాడు, "నా హాస్టల్ సంగతి కూడా రాయి, సిగ్గేం లేదు" అన్నాడు. శనివారం మధ్యాహ్నం సెంటర్ మూసేశాక రెండున్నరకి బస్సు ఎక్కితే మూడింపావుకి కేజీహెచ్ దగ్గరుంటాను. ఏ గదికి రావాలో, ఎవరి చేతికివ్వాలో చెప్పండి.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
మల్కాపురం, విశాఖపట్నం